ఏడు కాన్పులు, ఐదుగురు పిల్లలు: కనిగిరి మెట్టలో ఒకప్పటి తల్లీబిడ్డల సేవ గురించి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీ అమ్మమ్మగారు కనిగిరి దగ్గరి పల్లెలో 1958 నుంచి 1975 లోపు ఏడుగురిని ఇంట్లోనే కన్నారనీ, డాక్టరు ముఖం చూడలేదనీ, ఎవరికీ ఏమీ కాలేదనీ రాశారు. మొన్న మీ అక్కగారికి మాత్రం ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఆ రోజుల్లో గర్భిణులకు, పసిబిడ్డలకు ప్రభుత్వ సేవలంటూ ఏమైనా ఉండేవా, లేక వాటి అవసరమే లేనంత ఆరోగ్యంగా ఆ తరం బతికిందా అని అడిగారు.

మీరు రాసిన దాంట్లోనే ముగ్గురు మేనమామలు, ఒక పిన్ని అని ఉంది. మీ అమ్మగారితో కలిపితే ఐదుగురు. మిగిలిన ఇద్దరి ఊసు మీరు ఎత్తలేదు. బహుశా మీ ఇంట్లో ఎవరూ మీకు చెప్పి ఉండరు. ముప్ఫై ఆరేళ్లు ఈ పనిలోనే ఉన్నదాన్ని కాబట్టి నా కన్ను ముందుగా ఆ ఇద్దరి మీదే పడింది.

నేను నెల్లూరులో రెండేళ్ల శిక్షణ పూర్తిచేసి 1977లో ఏ.ఎన్.ఎం.గా, అంటే పల్లెల్లో తల్లీబిడ్డలను చూసే నర్సుగా చేరాను. మొదటి పోస్టింగు మీ కనిగిరి మెట్ట ప్రాంతమే. తర్వాత కందుకూరు వైపు, ఆపైన సూపర్‌వైజరుగా కొత్తపట్నం తీరంలో పనిచేసి 2013లో రిటైరయ్యాను. నా ముందు తరం సంగతులు మా అమ్మమ్మ నోట, పాత సిస్టర్ల నోట విన్నవి. మిగతావి నా చేతుల మీదుగా జరిగినవి.

1971లో మన దేశంలో పుట్టిన ప్రతి వెయ్యి మంది బిడ్డల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడలేదు. అంటే దాదాపు ఎనిమిది మందిలో ఒకరు. ఆ తర్వాత తట్టుకు, విరేచనాలకు పోయినవాళ్లు ఈ లెక్కలో లేరు. ఏడుగురిని కన్న తల్లికి ఐదుగురు మిగలడం ఆ రోజుల్లో ప్రతి వీధిలోనూ ఉన్నదే. అందుకే దాన్ని ఎవరూ విషాదంగా చెప్పుకోలేదు. దాచిపెట్టాలని కూడా కాదు. "దేవుడిచ్చాడు, దేవుడే తీసుకున్నాడు" అనుకుని పక్క కాన్పుకు సిద్ధమయ్యేవారు.

సేవలు ఉండేవా అంటే, ఉండేవి. అవి మీ అమ్మమ్మగారి గడప దాకా చేరాయా అన్నదే అసలు ప్రశ్న.

మా అమ్మమ్మది ఇందుకూరుపేట వైపు. ఆవిడ చిన్నతనానికే నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఆడవాళ్లకోసం, పిల్లలకోసం ప్రత్యేకంగా ఆసుపత్రి నడుపుతున్నారు. మగ డాక్టరు చేత చూపించుకోవడం కంటే చావే మేలనుకునే రోజులవి. దొరసాని డాక్టరమ్మ ఉందని తెలిశాకే కొన్ని ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయని ఆవిడ చెప్పేది. ఒంగోలులో క్లఫ్ మెమోరియల్ ఆసుపత్రి కూడా ఆ మిషన్‌దే. నెల్లూరు ఊళ్లో ప్రభుత్వ ప్రసూతి సేవ అంటే జూబిలీ ఆసుపత్రి. ఇవన్నీ పట్నం వాళ్లకూ, రెండెడ్ల బండి కట్టుకుని రాగలిగిన వాళ్లకూ అందినవి. మద్రాసు రాజధాని రోజుల నుంచీ మునిసిపాలిటీలు, స్థానిక బోర్డులు ప్రసూతి కేంద్రాలు నడిపేవి. ఒక మెటర్నిటీ అసిస్టెంటు, ఒక ఆయా ఉండేవాళ్లు. 1959లో పంచాయతీ సమితులు వచ్చాక అలాంటి కేంద్రాలు కొన్ని సమితుల కిందికి వచ్చాయి. నేను చేరేనాటికి ఆ పాత తరం అసిస్టెంట్లు ఒకరిద్దరు ఇంకా పనిలో ఉన్నారు. చేతిలో ఎంత నేర్పు ఉండేదో! పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ తల ఎటుందో, వీపు ఎటుందో కళ్లు మూసుకుని చెప్పేవారు. నాకు శిక్షణలో రానిది వాళ్ల దగ్గర వచ్చింది.

ఇక్కడ ఒక మాట. మీరు పాత కాగితాలు వెతకాలనుకుంటే గుర్తుంచుకోండి. మీ అమ్మమ్మగారి మొదటి కాన్పుల నాటికి మీ ఊరు నెల్లూరు జిల్లాలో ఉంది. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు కనిగిరి, కందుకూరు, పొదిలి, దర్శి ప్రాంతాలు నెల్లూరు నుంచి అందులో కలిశాయి. 1972లో దానికి ప్రకాశం పేరు వచ్చింది. జనన మరణాలు అప్పుడు గ్రామ మునసబు రాసేవాడు. వారం లోపు పోయిన బిడ్డకు పుట్టుకా రాయించేవారు కాదు, చావూ రాయించేవారు కాదు. అందుకే రిజిస్టరులో ఐదుగురే కనిపించినా ఆశ్చర్యపోకండి.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలు 1952లో సమాజ వికాస పథకంతో పాటు మొదలయ్యాయి. బ్లాకుకు ఒకటి. 60 వేల నుంచి లక్ష మంది దాకా జనానికి ఒక డాక్టరు, ఆరు మంచాలు, కొద్దిమంది నర్సులు. దాని కింద, ఊళ్లు చూసే సిస్టరు ఉండే ఉపకేంద్రం ఒకటి పదివేల మందికి. ఐదువేల మందికి ఒక ఉపకేంద్రం అన్న కొలత తర్వాతి కాలానిది. మీ అమ్మమ్మగారి ఊరు ఆరోగ్య కేంద్రానికి పది పన్నెండు మైళ్ల దూరంలో ఉంటే, ఆ సిస్టరు నెలకో రెండు నెలలకో ఒకసారి ఊళ్లోకి వచ్చి ఉంటుంది. ఆ రోజు మీ అమ్మమ్మగారు చేలో కలుపు తీస్తూ ఉంటే అంతే సంగతులు. మళ్లీ రెండు నెలలు.

నేను చేరినప్పుడు నా ఉపకేంద్రం ఒక అద్దె గది. ముందు వరండా, వెనక వేపచెట్టు. నా కింద ఎనిమిది ఊళ్లు. బస్సు పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి, అదీ రెండు ఊళ్ల మీదుగానే. మిగతావన్నీ కాలినడక. యూనిసెఫ్ వాళ్ల అల్యూమినియం పెట్టె ఒకటి ఇచ్చారు. కత్తెర, బొడ్డు కట్టే దారం, ఎనిమా డబ్బా, బిడ్డ గుండె చప్పుడు వినే గొట్టం, బిడ్డను తూచే వేలాడే త్రాసు, స్పిరిట్ దీపం, రెండు గాజు గొట్టాలు. రక్తపోటు చూసే పరికరం చాలా ఏళ్ల తర్వాత గానీ నా చేతికి రాలేదు.

మరి ప్రమాదం ఎలా పట్టుకునేవాళ్లం? కనురెప్ప కిందికి లాగి చూసేవాళ్లం. పాలిపోయి తెల్లగా ఉంటే రక్తం లేదని అర్థం. కాలి మడమ పైన వేలితో నొక్కితే గుంట పడిందా చూసేవాళ్లం. కడియాలు, మెట్టెలు బిగిశాయా అని అడిగేవాళ్లం. గాజు గొట్టంలో మూత్రం పట్టి పైభాగాన్ని దీపం మీద వేడి చేస్తే, విరిగిన పాలలా తెల్లబడి, పుల్లటి మందు రెండు చుక్కలు వేసినా ఆ తెలుపు పోకపోతే గుండె జారేది. అది గుర్రపువాతం, అంటే గర్భిణులకు వచ్చే మూర్ఛలు, రాబోతున్న సూచన. మూర్ఛలు మొదలయ్యాక ఆ పల్లెలో నేను చేయగలిగింది ఏమీ లేదు. మొదలవక ముందే ఆమెను ఒంగోలు పంపించాలి. ఒంగోలు ఎనభై కిలోమీటర్లు.

ఇవన్నీ తల్లీపిల్లల రిజిస్టరులో ఎక్కేవి. ఆ రిజిస్టరు గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఆ కాలపు సేవకు ప్రాణం అదే. ఒక్కో ఇంటికీ నంబరు. ఎవరు నెల తప్పారు, ఇది ఎన్నో చూలు, ముందు ఎన్ని నిలిచాయి, ఎన్ని పోయాయి, అత్తగారి పేరు, పుట్టింటి ఊరు. తొలిచూలు కాన్పు పుట్టింట్లో జరుగుతుంది కాబట్టి ఏడో నెలలో ఆ అమ్మాయి నా ఊళ్ల నుంచి మాయమయ్యేది. ఆ ఊరి సిస్టరుకు పోస్టుకార్డు రాసేదాన్ని. ఇది నాకు ఎవరూ చెప్పిన పని కాదు, పాత అసిస్టెంటు ఒకావిడ నేర్పిన అలవాటు. నా ఎనిమిది ఊళ్లలో ఏ ఇంట్లో ఎవరు ఎన్నో నెలలో ఉన్నారో నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగేదాన్ని. ఊళ్లో నన్ను పేరుపెట్టి పిలిచినవాళ్లు తక్కువ. అందరికీ "నర్సమ్మ"నే.

ఇప్పుడు మీ అమ్మమ్మగారి ఇద్దరి దగ్గరికి వస్తాను. ఆ కాలంలో ఇంటి పురుళ్లలో పోయిన బిడ్డల్లో చాలామందిని తీసుకెళ్లింది ధనుర్వాతం. పల్లెల్లో దాన్ని ఎనిమిదో రోజు జబ్బు అనేవారు. పుట్టినప్పుడు బిడ్డ చక్కగా ఏడుస్తుంది, రెండు రోజులు చక్కగా పాలు తాగుతుంది. మూడో రోజో, ఐదో రోజో, వారానికో నోరు తెరవదు. చన్ను అందించినా చీకలేదు. తర్వాత ఒళ్లంతా కొయ్యలా బిగుసుకుంటుంది. తలుపు చప్పుడైనా, దీపం వెలుగు పడినా వెనక్కి విల్లులా వంగిపోతుంది. పక్షి దోషమనీ, బాలగ్రహమనీ తాయెత్తు కట్టేవారు. కారణం బొడ్డు దగ్గర ఉంది. బొడ్డు కోసింది ఇంట్లో కొడవలితో. దాని మీద పెట్టింది పేడ కాల్చిన బూడిద. ఆ పేడలోనూ, మట్టిలోనూ ఆ క్రిమి ఉంటుంది.

నేను చేరిన రెండో నెలలో ఒక బిడ్డను అలా చూశాను. ఆడపిల్ల. మూడు కిలోల దాకా ఉంది, ఆ ఊళ్లలో అంత బరువున్న బిడ్డ అరుదు. ఆరో రోజు పిలిస్తే వెళ్లాను. నేను గడపలో అడుగుపెట్టిన చప్పుడుకే బిడ్డ విరుచుకుపోయింది. ఆ తల్లి నా చీర కొంగు పట్టుకుని "పొద్దున దాకా బాగానే ఉందమ్మా" అంటూనే ఉంది. నాకు ఇరవై రెండేళ్లు. ఆ రాత్రి నా గదికి వచ్చి అన్నం తినలేకపోయాను.

మరునాడు పురుడు పోసిన మంత్రసాని ఇంటికి వెళ్లాను. కోపంతోనే వెళ్లాను. ఆమె అప్పటికే అరవై దాటిన ముసలమ్మ. వందల పురుళ్లు పోసిన చెయ్యి. నన్ను కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, "నేను చంపానా తల్లీ?" అని అడిగింది. ఏడుస్తూ అడిగింది. అంతకుముందు ఆమెకు ఎవరూ చెప్పలేదు కదా. ఆ క్షణం నుంచి ఆమెను తప్పు పట్టడం మానేసి వెంట తిప్పుకోవడం మొదలుపెట్టాను. అదే సమయంలో మంత్రసానులకు శిక్షణ ఇచ్చే పథకం వచ్చింది. 30 రోజుల శిక్షణ, 300 రూపాయల భృతి, చివర ఒక చిన్న పెట్టె. మేం నేర్పినవి ఐదే ఐదు: చేతులు సబ్బుతో కడగడం, శుభ్రమైన బట్ట పరచడం, కొత్త బ్లేడు, మరిగించిన దారం, బొడ్డు మీద ఏమీ పెట్టకపోవడం. అన్నిటికంటే కష్టమైనది చివరిదే. ఏదో ఒకటి పెట్టకపోతే పని పూర్తయినట్టు అనిపించదు వాళ్లకు. ఆ అవ్వ తర్వాత పదకొండేళ్లు నాతో పనిచేసింది. కొత్త బ్లేడు కాగితం విప్పి, "చూడండమ్మా, కొత్తది" అని ఇంటివాళ్లందరికీ చూపించి మరీ కోసేది.

దాంతో పాటు తల్లికి ధనుర్వాతం సూది, నెల వ్యవధిలో రెండు. తల్లికి వేస్తే బిడ్డకు రక్షణ ఎలా వస్తుందని అడిగేవారు. "తల్లి తిన్నది బిడ్డకు చేరుతుంది కదా, ఇదీ అంతే" అని చెప్పేదాన్ని. నూటికి నూరుపాళ్లు శాస్త్రం కాకపోయినా దారి మాత్రం తప్పు కాదు. ఆ సూదులూ ఆ బ్లేళ్లూ కలిసి చేసిన పని ఇది: 2003లో పసిబిడ్డల ధనుర్వాతాన్ని నిర్మూలించిన రాష్ట్రంగా దేశంలో మొట్టమొదట గుర్తింపు పొందింది మన ఆంధ్రప్రదేశ్. ప్రతి జిల్లాలోనూ వెయ్యి జననాలకు ఒక్క కేసు కంటే తక్కువ ఉండాలన్నది దాని కొలత. దేశం మొత్తానికి ఆ గుర్తింపు 2015లో వచ్చింది. నేను రిటైరయ్యేనాటికి చేరిన కొత్త పిల్లలు ఆ జబ్బును పుస్తకంలో చదవడమే తప్ప కంటితో చూడలేదు. నా ఉద్యోగ జీవితంలో నాకు అన్నిటికంటే తృప్తినిచ్చిన సంగతి ఇదే.

బిడ్డల సంగతి అలా మెరుగుపడింది. తల్లుల విషయంలో మేం అంత చేయలేకపోయాం. దీన్ని దాచను.

1981లో ఒక తల్లి. నాలుగో కాన్పు. ఏడో నెలలోనే రిజిస్టరులో ఎర్ర సిరాతో గుర్తు పెట్టాను. రెప్పలు పాలిపోయి ఉన్నాయి, అంతకుముందు కాన్పులో మాయ ఆలస్యంగా పడింది. కాన్పుకు పట్నం వెళ్లండని మూడుసార్లు చెప్పాను. పొగాకు పని ముమ్మరంగా ఉన్న రోజులు, వెంట వెళ్లడానికి ఇంట్లో మరో మనిషి లేదు. రాత్రి తొమ్మిది గంటలకు బిడ్డ పుట్టింది. మాయ పడలేదు. రక్తం ఆగలేదు. నా దగ్గరున్న మందు వాడాను, పొట్ట మర్దన చేశాను, మంచం కాళ్లవైపు ఇటుకలు పెట్టి ఎత్తు చేశాను. తీసుకెళ్దామంటే అత్తగారు పెద్దకొడుకు రావాలన్నారు. అతను వచ్చేసరికి పదకొండు. ఎడ్లబండి కట్టి తారురోడ్డుకు చేరేసరికి ఒంటిగంట. లారీ దొరికింది. దారిలో ఆమె నాతో "చలి" అని ఒకసారి అంది, నా శాలువా కప్పాను. లారీ ఎక్కిన గంటలో పోయింది. బిడ్డ బతికింది, మేనత్త దగ్గర పెరిగింది.

మీరు వ్యవస్థ గురించి అడిగారు కాబట్టి ఆ రాత్రిని విడదీసి చెబుతాను. ఇంట్లో తేల్చుకోవడానికి రెండు గంటలు, రోడ్డు చేరడానికి రెండు గంటలు. చేరి ఉంటే ఆసుపత్రిలో రక్తం దొరకడానికి మరో రెండు గంటలు పట్టేది. కాన్పు తర్వాత అంతలా రక్తం పోయే తల్లికి చాలాసార్లు రెండు గంటల వ్యవధి కూడా ఉండదు. ఆమె ప్రమాదంలో ఉందని మూడు నెలల ముందే మా రిజిస్టరులో రాసి ఉంది. తెలిసినా తీసుకెళ్లే దారి లేదు. 2005 ఆగస్టు 15న మన రాష్ట్రంలో 108 బండ్లు మొదలైనప్పుడు నేను కొత్తపట్నంలో ఉన్నాను. మా ప్రాంతానికి ఆ బండి వచ్చి మొదటిసారి ఒక తల్లిని ఎక్కించుకుని వెళ్తుంటే రోడ్డు పక్కన నిలబడి ఏడ్చాను. పక్కనున్న వాళ్లకు ఎందుకో అర్థం కాలేదు.

మా మీద జనానికి నమ్మకం ఎందుకు తగ్గిందో కూడా చెప్పాలి. 1976లో కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల కోసం జరిగిన ఒత్తిడి నేను చేరేనాటికి సడలింది. భయం మాత్రం సడలలేదు. రిజిస్టరు పట్టుకుని వీధిలోకి వస్తే మగవాళ్లు పెరటి గుండా వెళ్లిపోయేవారు. ఆపరేషన్‌కు అర్హులైన దంపతుల లెక్కా, గర్భిణుల లెక్కా రాసేది ఒకే మనిషి కావడంతో, నెల తప్పిన సంగతే మాకు చెప్పకుండా దాచేవారు. తర్వాత ఏళ్లలోనూ మార్చి వచ్చిందంటే ఇన్ని ఆపరేషన్లు కావాలని లక్ష్యాలు. తీరకపోతే జీతం ఆపుతామని పై అధికారి ఒకరు మీటింగులో అందరి ముందూ అన్న రోజు ఉంది. ఆ నెలల్లో గర్భిణుల ఇళ్లకు వెళ్లడం తగ్గిపోయేది. 1996 ఏప్రిల్‌లో ఆ లక్ష్యాల పద్ధతి తీసేశారు. ఇరవై ఏళ్ల పాటు తల్లుల సేవకు ఆ లక్ష్యాలకంటే ఎక్కువ నష్టం చేసింది మరొకటి లేదని నా గట్టి అభిప్రాయం. ఆపరేషన్ వద్దనడం లేదు. నాలుగైదు కాన్పులతో అరిగిపోయిన తల్లులు తమంతట తాము వచ్చి అడిగేవారు. అలా అడిగేదాకా ఆగి ఉంటే చాలామంది గౌరవంగా వచ్చేవారు.

టీకాల సంగతి కొంత సులువుగా సాగింది. మసూచి టీకాల వాళ్లను చూసి పిల్లల్ని గాదెల్లో దాచిన తరం అది. అయినా 1975 తర్వాత దేశంలో మసూచి కనబడకపోవడం వాళ్లే కళ్లారా చూశారు. 1985లో సార్వత్రిక టీకాల కార్యక్రమం మొదలై జిల్లాల వారీగా విస్తరించాక పుట్టగానే క్షయ రాకుండా బి.సి.జి., ఆరు, పది, పద్నాలుగు వారాలకు కంఠసర్పి, కోరింత దగ్గు, ధనుర్వాతం రాకుండా డి.పి.టి., పోలియో చుక్కలు, తొమ్మిదో నెలలో తట్టు సూది. గాజు సిరంజీలు కిరోసిన్ స్టవ్వు మీద ఇరవై నిమిషాలు మరిగించాలి. మొద్దుబారిన సూదిని రాయి మీద పదునుపెట్టేవాళ్లం. మందు చల్లదనం 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. బయట కనిగిరి ఎండ మీకు తెలుసు కదా. మంచుగడ్డల పెట్టె ఒళ్లో పెట్టుకుని బస్సులో వెళ్లేదాన్ని. కండక్టర్లు ఇంజను పక్క సీటు నుంచి నన్ను లేపి వెనక నీడలో కూర్చోబెట్టేవారు. బుధవారం, శనివారం టీకాల రోజులు.

కొత్తపట్నం పల్లెపాలెంలో ఆ పద్ధతి కుదరలేదు. పొద్దున్నే పడవలు వస్తాయి. తల్లులు చేపల గంపలు నెత్తిన పెట్టుకుని ఊళ్ల మీదికి పోతారు. పదింటికి వెళితే ఇంట్లో ముసలివాళ్లు, పిల్లలు ఉంటారు గానీ, తల్లి లేకుండా సూది వేయనివ్వరు. మా సిస్టర్లను సాయంత్రం నాలుగు తర్వాత వెళ్లమన్నాను. రూలు ఒప్పుకోదని ఒకరిద్దరు సందేహించారు. వెళ్లారు. ఆ నెల నుంచే టీకాలకు వచ్చే పిల్లల సంఖ్య పెరిగింది.

తిండి విషయంలో మాత్రం అత్తగార్లతో యుద్ధమే. బాలింతకు పథ్యం పేరుతో అన్నం, మిరియాల కారం తప్ప ఏదీ పెట్టరు. నీళ్లు గుక్కెడు. ముర్రుపాలు చెడ్డవని పిండి పారబోసి, మూడు రోజులు బిడ్డకు చక్కెర నీళ్లు, ఆముదం చుక్క. గర్భిణికి ఐరన్ మాత్రలిస్తే బిడ్డ లావై కాన్పు కష్టమవుతుందని పెరట్లో పారేసేవారు. కోడలికి ఎన్ని చెప్పినా లాభం లేదని మొదటి ఏడాదిలోనే తెలిసింది. అత్తగారి పక్కన కూర్చోవాలి. గేదె ఈనితే దూడకు జున్నుపాలు తాగించకపోతే బతుకుతుందా అని అడిగేదాన్ని. ఆ పోలికకు మెట్ట ప్రాంతంలో ఎదురు చెప్పినవాళ్లు లేరు. పొదిలి, దర్శి, కనిగిరి నీళ్లలో ఫ్లోరిన్ ఎక్కువై ఎముకలు బిగుసుకునే బాధ ఉన్నదే. ఆ జబ్బు గురించి 1937లోనే, అప్పటి నెల్లూరు జిల్లాలోని ఈ ఊళ్లను చూసే, దేశంలో మొదటిసారి వైద్యులు రాశారు. ముప్ఫై దాటకుండానే నడుము వంగని తల్లులను, పరీక్షకు మంచం మీద వెల్లకిలా పడుకోలేని తల్లులను నేను చూశాను. పాలు, పెరుగు తినండని వాళ్లకు చెప్పాలంటే నోరు రాదు. ఇంట్లో ఉండే చెంబెడు పాలు డెయిరీకి పోతే గానీ ఉప్పు రాదు.

1990 తర్వాత రాత్రి బడులు వచ్చాయి. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారా మీద తిరగబడ్డప్పుడు ఆ గాలి మా కందుకూరు వైపుకూ వీచింది. అంతకుముందు పదిమంది ఆడవాళ్లను ఒకచోట కూర్చోబెట్టడం నాకు గగనం. ఆ ఏడాది వాళ్లే కూర్చుని నన్ను పిలిచారు. సారా గురించి మొదలైన మాట మాత్రల దాకా, కాన్పుల మధ్య ఎడం దాకా వచ్చేది. పలక మీద పేరు రాయడం నేర్చుకున్న ఒక తల్లి నా రిజిస్టరు లాక్కుని తన పేరు పక్కన వేలిముద్ర కొట్టేసి సంతకం చేసింది.

ఇక ఇప్పటి సంగతి. 1992–93 జాతీయ సర్వేలో మన రాష్ట్రంలో ఆసుపత్రి కాన్పులు మూడో వంతే. 2019–21 నాటికి నూటికి 96 దాకా. ఇది నాకు గర్వం. అదే సర్వేలో ఆపరేషన్ కాన్పులు నూటికి 40 దాటాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో చెప్పిన కొలత 10 నుంచి 15. ఈ తేడా నన్ను బాధపెడుతుంది. అయినా మీ అక్కగారిది అనవసరమని నేనుగానీ మీరుగానీ ఇక్కడ కూర్చుని అనకూడదు. 1981లో నా చేతుల్లో పోయిన తల్లి లాంటివాళ్లను నిలబెట్టేది ఆ ఆపరేషన్ థియేటరే. కేసు షీటు అడిగి తీసుకోండి. కారణం అందులో రాసి ఉంటుంది. తర్వాతి కాన్పుకు ఆ కాగితం చాలా అవసరం. ఇంకొకటి, మీ అక్కగారు ఇంటికి వచ్చాక ఎవరైనా వచ్చి చూశారా? బిడ్డ పాలు ఎలా తాగుతోందో, కుట్లు ఎలా ఉన్నాయో మొదటి పది రోజుల్లో ఇంటికి వచ్చి చూసే మనిషి కావాలి. రాకపోతే మీ ఉపకేంద్రానికి మీరే కబురు చేయండి. అడిగితే వస్తారు, అది వాళ్ల పని.

మీ అమ్మమ్మగారిని అడిగేటప్పుడు మేం సర్వేల్లో వాడిన పద్ధతి చెబుతాను. మగవాళ్లు లేనప్పుడు, ఆవిడ ఏదో చేతిపనిలో ఉన్నప్పుడు కూర్చోండి. "ఎంతమంది పోయారు?" అని అడగకండి. మొదటి కాన్పు నుంచి వరసగా రండి. ఎవరి ఇంట్లో, ఏ కాలంలో, ఎవరు పురుడు పోశారు, బొడ్డు దేనితో కోశారు, బిడ్డ ఏడ్చిందా, పాలు తాగిందా. సంవత్సరం గుర్తురాకపోతే ఊళ్లో ఆ ఏడు ఏం జరిగిందో అడగండి. కరువా, తుఫానా, ఎన్నికలా, కొత్త జిల్లా వచ్చిన ఏడా. నర్సమ్మ ఎవరైనా వచ్చేవారా అని కూడా అడగండి. వచ్చిన మనిషి చీర రంగు చెప్పగలిగితే సేవ ఆ ఊరికి చేరినట్టే.

ఆ ఇద్దరి దగ్గరికి వచ్చినప్పుడు, వాళ్లకు పేర్లు పెట్టారా అని అడగండి. పదకొండో రోజు పురుడు వెళ్లి, తర్వాత బారసాల అయితే పేరు ఉంటుంది. పేరు లేకుండా, పాలు తాగుతూ తాగుతూ మానేసి పోయిన బిడ్డ అయితే అది ఎనిమిదో రోజు జబ్బు అయి ఉండవచ్చు. పేరు ఉంటే ఆ పేరు రాసుకోండి.